జూలై ఒకటి

మా బడి బీరువాలో
చెదలు ఒక మూల రుచి చూసి వదిలేసిన రిజిస్టరు ఉంది.
దాన్ని నమ్మితే
చింతమాకులపల్లెలో సగం జనం
జూలై ఒకటినే పుట్టినారు.

తల్లుల లెక్క వేరే.
"గంగజాతరకు ముందర సామీ, మా ఎనుము ఈనిన రెండో దినం."
"చెరువు తెగిన యేడు. చెనిక్కాయలు పెరకతా ఉన్న్యాం, గెనం మీదే కనేసినా."
చెంగల్రాయులు అయ్యోరు అన్నీ వినేవాడంట.
బిడ్డ కుడిచెయ్యి తలమీదుగా పోయి
ఎడమ చెవిని అందుకుంటుందా లేదా చూసి
పాళీ సిరాలో ముంచి
ఒకటి, ఏడు అని వేసేవాడంట.
సెలవులైపోయి బడి కుదుటపడే దినం అది,
అంతకు మించిన ముహూర్తం ఆయనకు తెలీదు.

అప్పటికి బడంటే బెల్లం మండీ వెనక రేకుల కొట్టం.
హైస్కూలు కావాలంటే ఊరి వాటా కట్టమన్నారు సర్కారోళ్లు.
రోడ్డు పక్క చింతకాపు వేలం పాడి కొంత,
గానుగకు ఇన్ని అచ్చులని బెల్లం వసూలు చేసి కొంత.
దళితవాడ వాళ్లు చేతిలో రూకలు లేక
నలభై దినాలు కొండరాయి మోసినారు.
పునాదిలో ఆ రాయి ఇప్పటికీ ఉంది.
శిలాఫలకం మీద మాత్రం మూడే పేర్లు,
ముగ్గురూ రాయి మోయనివాళ్లే.

గంట, పాకాల జంక్షన్లో పడేసిన పట్టా ముక్క.
అటెండరు దస్తగిరి దాన్ని కొడితే
పాలవ్యాను దగ్గరి ఆడోళ్లకి,
మామిడితోట కాపలావాడికి,
టమోటా కోసే కూలోళ్లకి కూడా అదే టైము.
ఆదివారం ఊరు కాస్త దారి తప్పినట్టుంటుంది.

నవంబరులో ఏరు పొంగితే
ఎనిమిదో తరగతి బి సెక్షన్లో కోళ్లు, మూటలు, బాలింతలు.
కరోనాలో బెంగుళూరు నుంచి నడిచొచ్చిన మేస్త్రీలు
బెంచీలు జతచేసుకుని పద్నాలుగు రాత్రులు ఇక్కడే పడుకున్నారు.
వాళ్లలో ఒకడు, పొద్దుపోక,
గోడమీద వెలిసిపోయిన ఎక్కాలకు మళ్లీ రంగు దిద్దిపోయాడు.
పదమూడో ఎక్కంలో ఒక తప్పుంది.
మేం ముట్టుకోలేదు.

రిజిస్టరులో చివరి గడి: బడి మానిన కారణం.
గుమాస్తాగా చేరిన కొత్తల్లో
మధ్యాహ్నాలు అదే చదివేదాన్ని.
గొర్రెలు. పెండ్లి. గొర్రెలు. నాయన పోయినాడు.
తిరుపతిలో హోటలు పని. గొర్రెలు.
ఒకచోట "ఫీజు" అని రాసి, కొట్టేసి, "జ్వరం" అని.

నిన్న మునికన్నమ్మ వచ్చింది,
కుచ్చిళ్లకు ఎర్రమన్ను, కొంగులో ముడేసిన ఆధార్ కార్డు.
పింఛనుకు వయసు రుజువు కావాలన్నారట సచివాలయంలో.
దుమ్ము దులిపి వెతికాను.
ఏడో తరగతి దాకా ఉంది. జూలై ఒకటి.
చివరి గడి ఖాళీ.
వేళ్లమీద కూడితే, అరవైకి ఇంకా రెండేళ్లు తక్కువ.

"అదెట్ల మేడమ్? నాకంటే చిన్నది గుర్రమ్మ,
పోయిన్నెల నుంచి తీసుకుంటాండాదే!"

అప్పుడు చూశాను మార్జిన్లో,
పెన్సిలుతో, అయ్యోరి చేతిరాతే:
చురుకైన పిల్ల. రెండేళ్లు తగ్గించి వేశాను.
టీచరు ఉద్యోగానికి వయసు మిగలాలి కదా.

చదివి వినిపించాను.
బయట ఆటల సారు విజిల్ ఊదాడు, ఎవరో పడి లేచారు.
ఆమె ఆ గీతల మీద వేలు పెట్టబోయి
"తుడిచిపోతాదేమో" అని తనకు తానే చెప్పుకుని
చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రెండేండ్లే కదా," అంది. "టమోటాలు ఉండనే ఉన్న్యాయి."

మెట్లు దిగుతూ సగంలో ఆగింది.
"నేను ఏ తరగతికి చెప్పాల్నో,
అదేమన్నా రాసినాడా మేడమ్?"